రికార్డు రూములో దొరికిన తాతమ్మ పేరు

పాత కేసు కాగితాల కోసం నేను తిరిగిన కోర్టు పేరు రాయను, మళ్లీ అక్కడికే వెళ్లాలి కాబట్టి. మా డెల్టాలోదే. మూడుసార్లు తిరిగాక 1922 నాటి మా కుటుంబ భాగపంపకాల దావాలో డిక్రీకి, అంటే కోర్టు ఇచ్చిన తీర్పు ఉత్తర్వుకి, సర్టిఫైడ్ కాపీ చేతికొచ్చింది.

ముందే చెప్తున్నా, ముత్తాత పేరు చెప్తే వెతికి పెట్టరు. ఏ కోర్టు, ఏ సంవత్సరం, దావా నంబరెంత, అన్నీ మనమే పట్టుకెళ్లాలి. నాకా నంబరు నానమ్మ ట్రంకుపెట్టెలోని పాత క్రయ దస్తావేజులో దొరికింది. అందులో ఊరు "కృష్ణా జిల్లా, భీమవరం తాలూకా" అని ఉంటే, ఇది మనది కాదేమోనని రెండేళ్లు పక్కన పడేశాను. పశ్చిమ గోదావరి జిల్లా పుట్టిందే 1925లో, కృష్ణా జిల్లాని విడగొట్టి. సోషల్ టీచర్నై ఉండి అది తట్టలేదు!

దావాలో మనం పార్టీ కాదు కదా, కాపీ ఎందుకో చెబుతూ అఫిడవిట్ వేయాలి. స్టాంపుల కన్నా బస్సు ఛార్జీలే ఎక్కువయ్యాయి. రమ్మన్న తేదీకి వెళ్తే "కట్ట ఇంకా దించలేదమ్మా" అన్నారు, ఫోన్ చేసి చెప్పొచ్చుగా. సాక్షుల వాంగ్మూలాలు లేవు, గడువు తీరిన కాగితాలు తీసేస్తారట. జిరాక్స్‌లో హద్దుల వరుస సగం కోసుకుపోయింది.

అయినా ఆ ఏడు పేజీలు! తాతయ్య వాటాని ఆయన బాబాయి మింగేశాడని నానమ్మ చచ్చేదాకా తిట్టింది. తీరా చూస్తే అది రాజీ డిక్రీ, ఇరుపక్షాలూ ఒప్పుకున్న మీదట కోర్టు ఇచ్చినది. తాతయ్య మైనరు, ఆయన తల్లే, అంటే మా తాతమ్మే, గార్డియన్. మైనరు తరఫున రాజీకి కోర్టు అనుమతి కావాలి, అదీ అందులో ఉంది. మెరక తోట వదులుకుని పల్లంలో నాలుగెకరాలు, ఇంట్లో ఉత్తరపు గది, రెండు ఇత్తడి బిందెలు తీసుకుంది ఆవిడ. బిందెలు కూడా రాయించుకుంది చూడండి! రాజీ కాగితం చివర ఆవిడ పేరు, పక్కన "నిశాని", సంతకం రానివాళ్లు పెట్టే గుర్తు. ఇంట్లో ఎవరికీ తెలియని పేరు అది. "తాతమ్మ" అనేవాళ్లం, అంతే. పెద్దన్నయ్యకి ఫోన్లో చదివి వినిపిస్తే, "బాబాయిని అనవసరంగా తిట్టాంరా" అన్నాడు.

ఆ రికార్డు రూముకి ఐదుకి మూడున్నర ఇస్తాను. తగ్గించినది ఆ జిరాక్స్‌కి. వచ్చే నెల అమ్మ పుట్టింటి దావా కోసం వెళ్తున్నా, ఈసారి మాస్కు పెట్టుకుని. ఆ దుమ్ముకి నాలుగు రోజులు తుమ్మాను.