డచ్ పదపట్టిక వెబ్‌సైటు: విభజనలో నిక్కచ్చి, ఊనికలో మౌనం

డచ్ భాషలో రెండు మూడు పదాలు కలిసి సమాసమైనా మధ్యలో ఖాళీ వదలకుండా ఒకే పదంగా రాస్తారు కనుక, పంక్తి చివర దాన్ని ఎక్కడ విరవాలన్న సందేహం తరచుగా ఎదురవుతుంది. నెదర్లండ్స్, బెల్జియం 1980లో చేసుకున్న ఒప్పందంతో ఏర్పడిన డచ్ భాషా సంఘం నడిపే వోర్డన్‌లైస్ట్ వెబ్‌సైటు ఈ సందేహాన్ని ఉచితంగా తీరుస్తుంది. 1954లో తొలిసారి అచ్చయి, 'ఆకుపచ్చ పుస్తకం'గా పేరుపడిన అధికారిక వర్ణక్రమ పట్టికకు ఇది ఆన్‌లైన్ రూపం.

పదం టైపు చేస్తే విరవదగిన ప్రతిచోటా చుక్క పెట్టి చూపుతుంది. సమాసాన్ని ముందుగా అందులోని పదాల మధ్య విరవాలన్నది అసలు నియమం. 'క్వార్ట్‌స్లాఖెన్' అన్న పదాన్ని 'స్'కు ముందు విరిస్తే పావు మలుపులు, తర్వాత విరిస్తే క్వార్ట్జ్ పొరలు. రెండింటిలోనూ ఊనిక, అంటే పలికేటప్పుడు ఒక అక్షరాన్ని ఒత్తడం, మొదటి అక్షరం మీదే పడుతుంది కాబట్టి, ఇక్కడ భేదం తెలిపేది చుక్క ఒక్కటే.

అయితే చుక్క చాలని సందర్భాలూ ఉన్నాయి. మర్దన బల్లకూ, జనసమూహం చేసే ప్రార్థనకూ డచ్‌లో వర్ణక్రమం ఒకటే, అక్షర విభజన కూడా ఒకటే. మొదటిదాన్ని రెండో అక్షరం ఒత్తి 'మసాజెబెట్' అనీ, రెండోదాన్ని తొలి అక్షరం ఒత్తి 'మసఖెబెట్' అనీ పలకాలి. సమాసాల్లో ప్రధాన ఊనిక సాధారణంగా తొలి పదం మీద పడినా, నగర భవనమనే 'స్టాట్‌హౌస్'లో రెండో పదం మీద పడుతుంది. ఇలాంటి చోట్ల ఈ పట్టిక ఏమీ చెప్పదు. వర్ణక్రమం కోసం తయారైనది కాబట్టి దీన్ని తప్పుపట్టలేము కానీ, ఊనికతో అర్థం మారని తెలుగు నుంచి వెళ్లేవారికి ఈ లోటు గట్టిగానే తగులుతుంది.

క్రియల విషయంలో మాత్రం ఒక దొడ్డిదారి ఉంది. 'వోర్‌కోమెన్' అన్నదానికి తొలి అక్షరం ఒత్తితే సంభవించడం, రెండోది ఒత్తితే నివారించడం. పట్టిక చూపే భూతకాల రూపంలో ఉపసర్గ విడిపోయి క్రియ తర్వాతకు చేరితే ఊనిక ఉపసర్గదని, విడిపోకపోతే క్రియదని గ్రహించవచ్చు.

రాసేవారికీ, ప్రూఫులు దిద్దేవారికీ ఈ సైటును నిస్సంకోచంగా సూచిస్తాను. మాట్లాడటం నేర్చుకునేవారు మాత్రం దీనికి తోడుగా, విభజనతోపాటు ఉచ్చారణ గుర్తులనూ ఇచ్చే డచ్ విక్షనరీని తెరిచి ఉంచుకోవాలి.