పూల్‌లో 76 లెంగ్తులా, రుషికొండలో 300 మీటర్లా? మొదటి సముద్రపు ఈతకి ఏది మేలు

వైజాగ్‌లో పుట్టి పెరిగిన నాలాంటి చాలామందికి సముద్రం అంటే గోడ మీద కూర్చుని మురీ మిక్చర్ తినే చోటు. మోకాళ్ళ దాకా దిగితే అమ్మ ఒడ్డు మీంచి కేకేసేది, నడుము దాకా దిగితే ఇంటికెళ్ళాక వీపు విమానం మోత. ఈత నేర్చుకున్నది పూల్‌లో, అదీ ఉద్యోగంలో చేరాక. అందుకే ట్రయాథ్లాన్‌కి పేరు ఇచ్చినప్పుడు సైకిల్ గురించీ పరుగు గురించీ లేని బెంగ ఈత గురించి పట్టుకుంది. నేను కట్టింది గోవాలో 2019లో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3కి (ఈత, సైకిల్, పరుగు కలిపి 70.3 మైళ్ళు). మీరామార్ బీచ్ దగ్గర సముద్రంలో 1.9 కిలోమీటర్లు, 70 నిమిషాల్లో బయటికి రావాలి. మీరు 750 మీటర్ల స్ప్రింట్‌కో, 1500 మీటర్ల ఒలింపిక్ దూరానికో వెళ్తున్నా కింద రాసినదాంట్లో పెద్దగా తేడా ఏమీ ఉండదు.

మా ప్రాక్టీస్ బ్యాచ్‌లో రెండు వర్గాలున్నాయి. పూల్‌లో రెండున్నర కిలోమీటర్లు ఆగకుండా కొట్టేవాడికి సముద్రం ఒక లెక్కా, పైగా ఉప్పునీరు తేలుస్తుంది కదా అనేది ఒక వర్గం. సముద్రంలో ఒక్క ఆదివారం దిగితే పూల్‌లో పది రోజుల పెట్టు అనేది రెండోది. రెండూ చేసి చూశాను కాబట్టి నా మాట ముందే చెప్పేస్తాను: దూరం పూల్‌లో పెంచుకోండి, భయం సముద్రంలో పోగొట్టుకోండి. ఒకదాని పని ఇంకోదానికి అప్పజెప్తేనే చెడుతుంది.

పూల్ సంగతి తేలిక. 25 మీటర్ల పూల్ అయితే 1.9 కిలోమీటర్లకి 76 లెంగ్తులు. ఎంత దూరం, ఎంత సేపు, ఏ వారం ఎంత మెరుగయ్యాం, అన్నీ లెక్క తెలుస్తాయి, దగ్గు వస్తే ఆగొచ్చు, కోచ్ మోచెయ్యి పట్టుకుని సరిచేస్తాడు. కానీ ఆ 76లో 75 సార్లు గోడ తన్నుకుని ముందుకి జారతాం, తన్నిన ప్రతిసారీ చేతులకి కాస్త విశ్రాంతి, అది మనకి తెలియకుండా జరిగే మోసం. అందుకే చివరి నెలల్లో గోడ ముట్టుకోకుండా రెండు మీటర్ల ముందే తిరిగిపోవడం, ఆరు స్ట్రోకులు కళ్ళు మూసుకుని వేసి లేన్‌లో ఎటు పక్కకి పోతున్నామో చూసుకోవడం, ఎనిమిది స్ట్రోకులకోసారి నీటి మీదకి కళ్ళు మాత్రమే తెచ్చి ఎదురుగా చూడటం చేశాను. తల మొత్తం ఎత్తితే నడుము మునిగిపోతుంది, మొసలిలా కళ్ళ వరకే చాలు. ముగ్గురం ఒకే లేన్‌లో రాసుకుంటూ ఈదడం కూడా చేశాం, పక్క లేన్ పెద్దాయన తిట్టారు, అయినా పనికొచ్చింది.

ఇక సముద్రం. మొదటిసారి రుషికొండలో దిగేనాటికి పూల్‌లో 2 కిలోమీటర్లు తేలిగ్గా చేస్తున్నాను, వాచ్‌లో లెక్కలు చూసుకుని మురిసిపోయే రోజులవి. కెరటాలు దాటి వంద మీటర్లు వెళ్ళానో లేదో ఊపిరి అందలేదు. నీళ్ళు చల్లగా లేవు, అలసటా లేదు, లాగేసే ప్రవాహమూ లేదు. కింద పూల్‌లో ఉండే నల్ల గీత కనిపించలేదు, అంతే. ఆకుపచ్చటి మసక తప్ప కళ్ళకి ఏమీ ఆనకపోయేసరికి తెలియకుండానే ఊపిరి బిగబట్టాను. నీటిలో ఊపిరి పూర్తిగా వదలకుండా తల తిప్పితే కొత్త గాలికి చోటుండదు, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, అది పేరుకునే కొద్దీ గాలి చాలడం లేదనిపించి ఇంకా గబగబా పీలుస్తాం. కయాక్‌లో (చిన్న తెడ్డు పడవ) పక్కనే వస్తున్న స్నేహితుడు ‘వెల్లకిలా తిరగరా, వెల్లకిలా’ అని అరిచాడు కాబట్టి సరిపోయింది. ఆకాశం చూస్తూ తేలుతూ పొడుగ్గా ఊపిరి వదులుతుంటే కాసేపటికి గుండె దడ తగ్గింది. ఉప్పునీరు లీటరుకి పాతిక గ్రాముల దాకా బరువెక్కువ, అది తేల్చే మాట నిజమే, కానీ ఆ సంగతి ఒంటికి తెలియాలంటే ఒకసారి చేతులు ఆపి చూడాలి.

ఆ రోజు నేను ఈదింది 300 మీటర్లు. పూల్ లెక్కలో చూస్తే వార్మప్ కూడా కాదు. కానీ పోటీకి పనికొచ్చింది అదే. తర్వాత దిగిన ప్రతిసారీ దూరం పెంచడం మానేసి, కెరటం విరిగే చోట కిందనుంచి దూరి వెళ్ళడం, ఒడ్డుకి వచ్చేటప్పుడు చెయ్యి ఇసుకకి తగిలేదాకా ఈదడం, మధ్యలో కావాలని ఆగి వెల్లకిలా తేలడం, ఇవే మళ్ళీ మళ్ళీ చేశాను. ఇంకో మాట, ట్రయాథ్లాన్‌లో అలిసిపోతే కయాక్‌నో, దారి గుర్తుకి నీళ్ళలో తేలే బోయ్‌నో పట్టుకుని ఆగడం తప్పు కాదు, దాని సాయంతో ముందుకి కదలకూడదు, అంతే. ఈ రూల్ తెలిశాక నా టెన్షన్ సగం తగ్గింది.

అసలు చిక్కు నెలలతో. గోవా పోటీ అక్టోబరు, నవంబరుల్లో పెడతారు. అంటే మన ప్రిపరేషన్ ముదిరే జూలై, ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇక్కడ నైరుతి గాలులకి సముద్రం కుదురుగా ఉండదు. అక్టోబరులో తుపాన్లు మొదలు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన ఊరికి ఆ నెల గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. కాబట్టి సముద్రం పని జనవరి నుంచి మార్చి లోపు ఆరేడు ఆదివారాలు పెట్టుకుని తేల్చేయండి, వానాకాలం అంతా పూల్. పోటీకి నెల ముందు కంగారుపడి ఆర్కే బీచ్‌లో దూకడం కంటే మార్చిలో నేర్చుకున్నది గుర్తుపెట్టుకోవడం నయం. ఆ మధ్యలో ఎప్పుడు దిగాలనుకున్నా ముందు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళిచ్చే అలల హెచ్చరికలు చూడండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుపోట్ల తేడా ఎక్కువ, కొత్తవాళ్ళు ఆ రెండు మూడు రోజులు వదిలేయొచ్చు.

ఎక్కడ దిగాలన్న దాంట్లో నాకు అనుమానమే లేదు, రుషికొండ. 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన బీచ్, లైఫ్‌గార్డులుంటారు, ఫలానా దగ్గర దిగుతున్నాం, ఇంతసేపట్లో వస్తాం అని ముందే చెప్పొచ్చు. వాళ్ళు ఈల వేస్తే వాదన పెట్టుకోకుండా బయటికి రావాలి. ఆర్కే బీచ్ ఇంటికి దగ్గరే కానీ అక్కడ కెరటం ఒడ్డు పక్కనే విరిగి మీద పడుతుంది, వాన పడిన మర్నాడు గెడ్డల (ఊరి కాలవల) నీళ్ళన్నీ అటే వస్తాయి. యారాడ చూడటానికి అందం, లోపలికి లాగుడు ఎక్కువ. భీమిలిలో గోస్తని కలిసే చోటుకి అసలు వెళ్ళొద్దు, నీళ్ళు వెనక్కి తీసే పాటు సమయంలో నదీ సముద్రమూ కలిసి లాగుతాయి. సముద్రం వద్దనుకుని ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ అని కొందరు అంటుంటారు, అవి ఊరికి తాగునీరిచ్చే రిజర్వాయర్లు బాబూ.

రుషికొండ అయినా రిప్ కరెంట్, అంటే ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహం, ఉండదని కాదు. రెండు పక్కలా కెరటాలు విరుగుతూ మధ్యలో ఒకచోట నీళ్ళు నునుపుగా, కాస్త ముదురు రంగులో ఉంటే కొత్తవాడికి అదే సురక్షితం అనిపిస్తుంది. లోపలికి లాగేది అక్కడే. ఒకరోజు మేం సరిగ్గా అలాంటి చోట దిగబోతుంటే వల సర్దుకుంటున్న జాలరి తాత ‘ఇయ్యాల లోనకి లాగుతోంది బాబూ, అటు ఎల్లకండి’ అని ఆపాడు. ఒకవేళ చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకుండా ఒడ్డు వెంబడి పక్కకి ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకి రావాలి.

సామాను గురించి రెండు ముక్కలు. వెట్‌సూట్ (ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు ఈత దుస్తులు) కొనకండి. నీళ్ళు 24.5 డిగ్రీలు దాటితే ఐరన్‌మ్యాన్‌లో అది వేసుకున్నవాళ్ళకి బహుమతుల లెక్క ఉండదు, మన నీళ్ళు ఎలాగూ అంతకంటే వెచ్చన, లోపల ఉడికిపోతాం. ఆ డబ్బుతో నడుముకి కట్టుకునే నారింజ రంగు ఫ్లోట్ కొనండి, బోట్లవాళ్ళకి కనిపిస్తాం. మెడకీ చంకలకీ వాజిలీన్ మర్చిపోతే ఉప్పునీటి ఒరుపు సైకిలెక్కాక తెలుస్తుంది. గాగుల్స్‌లో మాత్రం రంగు అద్దాలవే తీసుకోండి. ఇక్కడ పొద్దున్నే లోపలికి వెళ్ళేటప్పుడు సూర్యుడు ఎదురుగా కళ్ళలో కొడతాడు, వచ్చేటప్పుడు వీపు వెనక ఉంటాడు. గోవా పడమటి తీరం కాబట్టి అక్కడ తిరగబడుతుంది, ఒడ్డుకి వచ్చేటప్పుడే ఏమీ కనిపించదు. ఇక్కడ కొండ మీది కట్టడం చూసుకుంటూ ఒడ్డుకి రావడం అలవాటైన నేను అక్కడ బోయ్ ఎక్కడుందో తెలియక ముందువాడి కాళ్ళ దగ్గర నురుగు పట్టుకుని వచ్చాను, వాడు సరిగ్గానే పోతున్నాడని నమ్మి.