నిమిషానికి 71 రూపాయల పడవ, మనిషికి 29 రూపాయల పడవ

రాజోలు వాళ్ళు కొబ్బరిచెట్లూ కాలవలూ చూడడానికి కేరళ వెళ్ళడమేమిటని మా వీధిలో నవ్వనివారు లేరు. హౌస్‌బోటే ఎక్కాలనుకుంటే పక్కనే దిండిలో ఉన్నాయి. అయినా సంక్రాంతి వెళ్ళిన పది రోజులకు నేను, నా భార్య, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి, డెబ్బై రెండేళ్ళ మా అత్తగారు రాజమండ్రిలో ధన్‌బాద్ నుంచి వచ్చే అలప్పుళ ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. ఆ బండి ఎక్కడా మారే పని లేకుండా తిన్నగా అలప్పుళలోనే దించుతుంది కనుక మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళేవారికి అదే మంచి దారి. రైలు గురించి ఇంతకంటే చెప్పవలసిందేమీ లేదు. చెప్పవలసిందంతా దిగిన తరువాతే మొదలైంది.

హౌస్‌బోటును ఒక ఏజెంటు ద్వారా మూడు వారాల ముందే వాట్సాప్‌లో మాట్లాడుకున్నాము. రెండు గదులు, భోజనాలు, టిఫిను, మధ్యాహ్నం పన్నెండు నుంచి మర్నాడు తొమ్మిది వరకు ‘21 గంటల విహారం’, మొత్తం 16,500 రూపాయలు, అందులో 5,000 ముందుగా పంపాలి. అతను పంపిన ఫొటోలలో పడవకు మేడ ఉంది, మేడ మీద పరుపు వేసిన అరుగు ఉంది, దాని మీద పడుకుని ఆకాశం చూస్తున్న ఎవరో దంపతులు కూడా ఉన్నారు. మా అత్తగారు శనివారం నీచు ముట్టరు, మేము ఎక్కేది శనివారమే కనుక ఆ సంగతి రెండుసార్లు రాశాను, రెండుసార్లూ బొటనవేలు బొమ్మ జవాబుగా వచ్చింది.

పున్నమడ కాయల్ ఒడ్డున, ఏటా నెహ్రూ ట్రోఫీ పడవ పందేలు ముగిసే చోటే ఈ హౌస్‌బోట్ల రేవు. కాయల్ అంటే అక్కడివారి మాటలో ఉప్పుటేరూ సరస్సూ కలిసిన నీరు. 1952లో నెహ్రూ వచ్చినప్పుడు ఆయన కోసం పాము పడవల పందెం పెడితే, ఆయన ఉత్సాహం ఆపుకోలేక గెలిచిన పడవలోకి దూకేశారట, తరువాత వెండి ట్రోఫీ పంపించారు. మేము దిగేసరికి అక్కడ ఉత్సాహం మాట అటుంచి నిలబడడానికి నీడ కూడా లేదు. నలభై నిమిషాలు ఎండలో నిలబెట్టిన తరువాత మేడ లేని పడవ ఒకటి చూపించారు. ఫొటోలోని పడవ నిన్న రాత్రే మరమ్మతుకు వెళ్ళిందట. ఫోను చేస్తే ఏజెంటు, ‘రెండూ ఒకటే సార్, మేడ ఒక్కటే తేడా’ అన్నాడు. ఎక్కనంటే 5,000 పోతాయి, ఎక్కితే మిగిలిన 11,500 కూడా వాళ్ళవే అవుతాయి. వెనక ఇంకో రెండు కుటుంబాలు పెట్టెలతో ఎదురుచూస్తూ ఉంటే బేరం చేసే ఓపిక ఎవరికుంటుంది? ఎక్కాము.

పడవ మాత్రం అందమైనదే, కాదనను. వాటిని కెట్టువళ్లం అంటారు, అంటే కట్టిన పడవ. పనస జాతి కర్ర పలకలను మేకులు లేకుండా కొబ్బరి తాళ్ళతో కుట్టి, జీడిగింజల తొక్కు నుంచి తీసిన నల్లని నూనె పూస్తారు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల కుట్టనాడు అనే పల్లపు ప్రాంతంలో పండిన ధాన్యం వీటిలోనే కొచ్చికి వెళ్ళేది. లారీలు వచ్చి వీటికి పని లేకుండా చేసిన తరువాత, వాటి మీదే వెదురూ తాటాకూ కప్పి, లోపల మంచాలూ స్నానాలగదీ అమర్చి యాత్రికులకు అద్దెకిస్తున్నారు. మా అత్తగారు ఆ కుట్లను వేలితో తడిమి చూసి, ‘మన పీచు కన్నా సన్నంగా పేనారు’ అన్నారు. ఆ పడవ మీద ఆమె మెచ్చుకున్నది ఆ ఒక్కదాన్నే.

మా వాడు తన ఫోనులో పడవ కదిలిన వేళలూ ఆగిన వేళలూ రాసిపెట్టాడు. ఆ లెక్క నాకన్నా బాగా మాట్లాడుతుంది. 12:25కి బయలుదేరింది. 1:35కి భోజనాలకని ఒక గట్టుకు కట్టేశారు, 2:50కి విప్పారు. 3:40కి చేపల దుకాణం దగ్గర ఆపారు, 4:10కి కదిలారు. 5:20కి రాత్రి బసకని కట్టేశారు. మర్నాడు ఉదయం 8:05కి విప్పి 8:45కి రేవులో దించారు. మొత్తం కదిలింది 230 నిమిషాలు. ‘నాన్నా, నిమిషానికి 71 రూపాయల 74 పైసలు’ అని వాడు ప్రకటించగానే నా భార్య కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పుట్టింటి డబ్బుతో రావాలన్న ఆలోచన ఆమెదే.

న్యాయంగా చెప్పాలంటే, సాయంత్రం అయిదున్నర లోపు పడవ ఆపడం తప్పు కాదు. చీకటి పడ్డాక జాలర్లు వలలు వేసుకుంటారు, హౌస్‌బోట్లు తిరిగితే ఆ వలలు చిరిగిపోతాయి. అది అక్కడి పద్ధతి, ఉండవలసిన పద్ధతి. ఆ మాట ముందుగా చెప్పకుండా 21 గంటల విహారం అని అమ్మడమే మోసం. ఏసీ సంగతీ అంతే. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకే వేస్తామని ఎక్కిన తరువాత చెప్పారు. పగలు కూడా కావాలంటే ఇంకో 2,500. మేము వద్దన్నాము.

చేపల దుకాణం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అడగకుండానే పడవను అక్కడికి తీసుకువెళ్తారు. కరిమీన్ అక్కడి రాష్ట్ర చేప, అరచేతి వెడల్పున నల్లని చారలతో ఉంటుంది. ఒక్కొక్కటి 450 చెప్పారు. రెండు తీసుకుంటే 900. మసాలా పట్టించి, అరటాకులో చుట్టి, పెనం మీద కాల్చి పెట్టారు. రుచికి వంక పెట్టలేను, ముళ్ళు ఎక్కువైనా మాంసం మెత్తగా విడివడుతుంది. కానీ ప్యాకేజీలో చేప ఉందని చెప్పి, తీరా చూస్తే అది వేలెడంత వేపుడు ముక్కలు రెండు కావడం, అసలు చేప మాత్రం దారిలో మన డబ్బుతో కొనడం, ఇదంతా ముందే కుదుర్చుకున్న ఏర్పాటులా కనిపించింది. మా అత్తగారికి మధ్యాహ్నం క్యాబేజీ కూర, సాంబారు, అప్పడం. రాత్రి అప్పడం, సాంబారు, క్యాబేజీ కూర. కొబ్బరికాయల మధ్యనే పుట్టినా కొబ్బరినూనెను తలకే గాని కూరకు ఎరగని వాళ్ళం మేము. ఆ వాసనకు ఆమె రెండు ముద్దలు తిని, పెట్టెలోంచి తాను తెచ్చుకున్న జంతికలు తీసుకున్నారు.

రాత్రి బస అంటే నిర్మానుష్యమైన నీటి మధ్యలో అని ఊహించుకున్నాము. ఒక గట్టు వెంట పక్కపక్కనే, చేయి చాపితే తాకేంత దగ్గరగా పడవలు కట్టేశారు. మా కుడివైపు పడవ జనరేటరు మా పడకగది కిటికీ ఎదురుగానే ఉంది. ఎడమవైపు పడవలో పెళ్ళివారి స్థాయిలో పాటలు, పదకొండున్నర దాకా. తెల్లవారి ముఖం కడుక్కుందామని బయటికి వస్తే నీటి మీద డీజిలు పొర ఇంద్రధనుస్సు రంగులతో మెరుస్తోంది, దాని చుట్టూ గుర్రపుడెక్క. ఉప్పునీరు చేలలోకి ఎక్కకుండా 1970లలో తణ్ణీర్‌ముక్కం దగ్గర కట్టిన గట్టు తలుపులను వానలు లేని పంట రోజుల్లో మూసేస్తారు. ఉప్పు చేరక, నీరు కదలక, ఆ కాలమంతా డెక్కకు పండగ. మేము వెళ్ళింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

పడవ మనుషులు ముగ్గురూ మర్యాదస్తులు. దిగేటప్పుడు అడిగిన 500 ఇచ్చాము, వాళ్ళ మీద నాకు కోపం లేదు. మొత్తం 17,900 అయింది. హౌస్‌బోటు ఎక్కి తీరాలనుకునేవారు ముందుగా ఎవరికీ డబ్బు పంపకండి. ఉదయం తొమ్మిదికే రేవుకు వెళ్ళి, పడవ ఎక్కి, మంచం మీద కూర్చుని, జనరేటరు ఎటువైపుందో చూసి, ఎంతసేపు కదులుతుందో కాగితం మీద రాయించుకుని అప్పుడు ఇవ్వండి. ఇంకా తెలివైనవారైతే పగటి పూటకే అద్దెకు తీసుకుని, సాయంత్రం దిగిపోతారు.

మేము దిగి నేరుగా ఊళ్ళోని బోటు జెట్టీకి వెళ్ళి, ప్రభుత్వ జలరవాణా శాఖ పడవలో కైనకరి చేరుకున్నాము. అక్కడ నీటి ఒడ్డున ఒక రైతు కుటుంబం ఇంట్లో రెండు గదులు, గదికి రోజుకు 2,200, టిఫినుతో కలిపి. భోజనం మనిషికి 200. ఇంటావిడ మధ్యాహ్నానికి ఏం వండమంటారని అడుగుతూ, ‘కప్ప, మీన్’ అన్నది. మా అత్తగారు చేతిలోని చెంబు కింద పెట్టేశారు. ‘అల్లుడుగారూ, వీళ్ళు కప్పల్ని కూడా తింటారా?’ అని నా చెవిలో అడిగారు. మా వాడు మాత్రం ఆశగా చూస్తున్నాడు. ఇంటావిడకు మా ముఖాలు అర్థం కాక, పెరట్లోకి వెళ్ళి ఒక దుంప పీక్కొచ్చి చూపించింది. కర్రపెండలం! మా పెద్దాపురం వైపు సగ్గుబియ్యానికి వేసే దుంపనే వీళ్ళు కప్ప అంటారు. ఉడకబెట్టి, కొబ్బరి కోరు, పచ్చిమిర్చి, వెల్లుల్లి నూరి కలిపి మెదిపిన ఆ దుంప, పక్కన మట్టికుండలో ఎర్రగా మరుగుతున్న చేపల పులుసు. పులుపు చింతపండుది కాదు, కుడంపుళి అని నల్లగా, పొగ వాసనతో ఉండే ఎండు పండుది. ఆదివారం కావడంతో మా అత్తగారు రెండుసార్లు వడ్డించుకుని, ‘పులస పులుసుకు సరిరాదు గాని’ అంటూ మూడోసారి కూడా అడిగారు. నిన్న 450 పెట్టి తిన్న చేప కన్నా ఇదే నయమని నా భార్య అనేసరికి, రెండు రోజుల తరువాత మొదటిసారి మా ఇద్దరి మధ్యా ఆ డబ్బు మాట నవ్వులో కలిసింది.

మర్నాడు ఆరు గంటలకు ఆ ఇంటి పక్కనే ఉండే పెద్దాయన చిన్న పడవలో, తెడ్డు వేసుకుంటూ, హౌస్‌బోట్లు పట్టని సన్నకాలవల్లో మూడు గంటలు తిప్పాడు. నలుగురికీ కలిపి 1,200. నా మటుకు ఈ యాత్రంతా ఆ మూడు గంటలే. ప్రతి ఇంటికీ మెట్లు నీళ్ళలోకే దిగుతాయి. ఒక మెట్టు మీద ఒకావిడ చేపలకు బూడిద రాసి తోముతోంది, తరువాతి మెట్టు మీద బడి యూనిఫాం వేసుకున్న పిల్ల పడవ కోసం చూస్తోంది. ఒక చోట పెద్దాయన తెడ్డు ఆపి గట్టు అవతలికి చూడమన్నాడు. లేచి చూస్తే, పొట్ట మీదున్న వరిచేను మా కాళ్ళకన్నా నిలువెత్తు కింద ఉంది. మేమున్న కాలవ పైన, చేను కింద. కుట్టనాడు చేలు చాలావరకు సముద్రమట్టం కన్నా కిందే ఉంటాయి. మా కోనసీమలో కాలవ నీళ్ళు చేలోకి పెట్టడం రైతు పని, ఇక్కడ చేలోని నీళ్ళు కాలవలోకి తోడిపోయడం రైతు పని. విత్తనం చల్లే ముందు వారాల తరబడి మోటార్లతో తోడి, మట్టి గట్టు తెగకుండా కాపలా కాస్తేనే పంట. 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఈ సేద్యాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. గట్టుకు కన్నం పడిన చోట మెడలోతు నీటిలో మునిగి, అడుగు నుంచి బంక మట్టి ముద్దలు చేతులతో పైకెత్తుతున్న ఇద్దరు మనుషులను చూసిన తరువాత, వరదల్లో ఏటిగట్టుకు కాపలా కాసిన మా నాన్న గుర్తొచ్చాడు.

చివరి రోజు అలప్పుళ జెట్టీ నుంచి కొట్టాయం వెళ్ళే ప్రభుత్వ పడవ ఎక్కాము. మనిషికి 29 రూపాయలు, రెండున్నర గంటల ప్రయాణం. మా వాడి లెక్కన నిమిషానికి 20 పైసలు కూడా కాదు. చెక్క బెంచీలు, కిటికీలకు అద్దాలు లేవు, గాలి ధారాళం. ముందు చక్రం పట్టుకున్న సరంగు తాడు లాగి గంట కొడితే, ఇంజను దగ్గరి మనిషి దాన్ని బట్టి వేగం మారుస్తాడు. ఆ గంట వినగానే మా అత్తగారి ముఖం మారిపోయింది. చిన్నప్పుడు లాకుల మీదుగా లాంచీలో అమ్మమ్మగారి ఊరు వెళ్ళేవారట. ‘ఇదే గంట, సరంగు ఇలాగే గద్దించేవాడు’ అని మొదలుపెట్టి, రేవు రేవునా ఏ చుట్టం ఎక్కేదో చెప్పుకుంటూ పోయారు. పక్కన కూర్చున్న మలయాళీ పెద్దావిడకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా తల ఊపుతూ, తన సంచిలోని వేయించిన అరటి ముక్కలు పెట్టింది, ఈవిడ జంతికలు ఇచ్చింది. పడవ ఆర్ బ్లాక్ అనే గట్టు కట్టిన పొలాల దీవి దాటి, వేంబనాడు సరస్సు విశాలంలోకి వచ్చి, 1940లలో మురిక్కన్ అనే రైతు సరస్సును గట్టు కట్టి తోడి పొలాలుగా మార్చిన చోట్ల మీదుగా సాగుతుంటే, దూరంగా హౌస్‌బోట్లు వరుసగా వెళ్తున్నాయి. వాటిని ఫొటో తీయడానికి మా వాడు లేచాడు. ఇక్కడి నుంచి చూస్తే అవి నిజంగా బాగున్నాయి. ఈ పడవలో ఎడమవైపు కూర్చోండి, పొద్దున్న పూట ఎండ తగలదు. నీళ్ళ సీసా, తినడానికి ఏదైనా వెంట ఉంచుకోండి.

కొట్టాయం బజారులో మా అత్తగారు పావుకిలో కుడంపుళి కొన్నారు, 120 రూపాయలు. ఇంటికి వచ్చిన మొదటి ఆదివారం శీలావతి పులుసులో నాలుగు ముక్కలు వేశారు. పులుసు నల్లబడింది, ఇల్లంతా పొగ వాసన వేసింది. మామగారు ఒక ముద్ద కలుపుకుని, ‘చింతపండు అయిపోయిందా?’ అని అడిగారు. మా వాడేమో కంచం ముందు కూర్చుని, కప్ప ఏదని అడుగుతున్నాడు.