మోకాళ్లు వంగని అమ్మకు కొన్న కమోడ్ కుర్చీ, ఆరు నెలల తర్వాత

నల్లగొండలో ఒక సర్జికల్ షాపులో 1,950 రూపాయలకు కొన్నాను. మడిచే రకం, ఇనుప పైపులు, ప్లాస్టిక్ సీటు, మధ్యలో రంధ్రం. అమ్మ పింఛను నెలకు 2,016 కదా, ఇంకా 66 మిగిలినయని ఆమే లెక్క తేల్చింది.

మాది మర్రిగూడ వైపు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, అమ్మ పెళ్లై వచ్చినప్పటి నుంచి అంతకు మించిన బోరు నీళ్లే తాగింది. ఇప్పుడు భగీరథ నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి గానీ, ఆ ఫ్లోరైడ్‌తో బిగుసుకుపోయిన కీళ్లు మళ్లీ మెత్తబడవు. మోకాళ్లు సగం కూడా వంగవు. ఇంట్లో ఉన్నదేమో స్వచ్ఛ భారత్‌లో 12,000 ఇస్తే కట్టుకున్న మరుగుదొడ్డి, గొంతుక్కూర్చునేది. మా ఊళ్లో ఆ వయసు వాళ్లలో సగం మందికి ఆ దొడ్డి ఉన్నా లేనట్టే.

నేనుండేది ఎల్బీనగర్‌లో, పదిహేను రోజులకోసారి పోతాను. అమ్మ రాత్రి అన్నం మానేసింది, సాయంత్రం ఐదు దాటితే నీళ్లు ముట్టదు, అడిగితే ఆకలి లేదంటుంది, వయసు కదా అనుకున్నాం. కళ్లు తిరుగుతున్నాయంటే బీపీ గోలీ పడలేదేమో అని డాక్టర్ దగ్గరికి కూడా తిప్పాం. చివరికి మా చెల్లెకు చెప్పింది, "రాత్రి లేస్తే దొడ్డిల కూసోలేను బిడ్డా, కూసుంటే లేవలేను, అందుకే తాగుతలేను." కొడుకుకు చెప్పడానికి సిగ్గుపడి నెలల తరబడి దప్పికతో పడుకుంది. ఈ రివ్యూ రాయడానికి కారణం అదే.

ఇక కుర్చీ సంగతి. కాళ్లకు స్ప్రింగు బటన్లున్నాయి, ఎత్తు పెంచుకోవచ్చు, మోకాళ్లు వంగని వాళ్లకు ఇదే ముఖ్యం, మేము పై నుంచి రెండో రంధ్రంలో పెట్టాం. చేతులానించుకునే పిడులు గట్టివే. కింద బకెట్ ఇస్తారు, అది తీసేసి నేరుగా బేసిన్ మీద పెట్టుకున్నాం, లేకపోతే రోజూ ఎవరు కడుగుతారు? కానీ బేసిన్ పక్కన పాదాలు పెట్టే దిమ్మెలుంటాయి కదా, కుర్చీ కాలు ఒకటి దాని వాలు మీద పడి ఊగింది. మొదటి రోజే అమ్మ భయపడి లేచి వచ్చేసింది. మేస్త్రిని పిలిచి కొంచెం సిమెంటు పోయించి చదును చేయించాక గానీ కుదరలేదు. కొనేటప్పుడు షాపాయన దొడ్డి ఎట్లాంటిది, తలుపు ఎంత వెడల్పు అని ఒక్క మాట అడగలేదు. అడిగుంటే బాగుండేది, మా తలుపులోంచి కుర్చీ అతి కష్టం మీద పోయింది.

రెండు నెలలకే వెల్డింగ్ దగ్గర తుప్పు. యాసిడ్ పోసి కడిగితే ఇంకా తొందరగా పడుతుందట. నాలుగో నెలకు కాళ్ల రబ్బరు బుడిపెలు అరిగాయి. ఇది చిన్న విషయం కాదు, తడి బండ మీద జారితే తుంటి ఎముకే పోతుంది. పోయి అడిగితే వాడిన వస్తువుకు మేం బాధ్యులం కాదన్నారు, బుడిపెలు మాత్రం విడిగా అమ్మారు. కొనేవాళ్లు కొంచెం ఎక్కువైనా స్టెయిన్‌లెస్ స్టీలు చూడండి, ఒక జత బుడిపెలు ఎక్స్‌ట్రా తెచ్చుకోండి. చేతికర్ర, వాకర్ లాంటివైతే 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ అనే కేంద్ర పథకం కింద పేద వృద్ధులకు క్యాంపుల్లో ఉచితంగా ఇస్తారు, ముందు అక్కడ కనుక్కోండి.

కుర్చీకి మూడున్నర స్టార్లు, షాపుకు రెండు.

అమ్మ ఇప్పుడు రాత్రి మంచం పక్కన చెంబు పెట్టుకుని పడుకుంటుంది. స్నానానికి కూడా ఆ కుర్చీనే వాడుతోంది. మొన్న పక్కింటి పెద్దమ్మ వచ్చి కూర్చుని చూసిందట, ఆమె పొట్టి, కాళ్లు నేలకు అందలేదు, ఒక రంధ్రం దించి చూడమన్నాను. పట్నంలో ఉన్న ఆమె కొడుకు నంబరు కూడా అమ్మే ఇప్పించింది, ఫోన్ చేయాలి.