గోల్స్, ఎక్స్‌జీ, ప్లస్-మైనస్: ఫుట్‌బాల్ ఆటగాడి విలువ తేల్చడానికి ఏ లెక్క మేలు?

ఫుట్‌బాల్ గురించి రాసిన ప్రతిసారీ పాఠకుల నుంచి ఒకే ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది. ఒక ఆటగాడు తన జట్టుకు ఎంత ముఖ్యమో తెలుసుకోవాలంటే గోల్స్, అసిస్టులు (గోల్‌కు దారితీసిన చివరి పాస్‌లు) చూస్తే సరిపోతుందా, ప్రతి షాట్ గోల్ అయ్యే అవకాశం ఎంతో అంకెలో చెప్పే ఎక్స్‌జీని నమ్మాలా, లేక అతను మైదానంలో ఉన్నప్పటి ఫలితాలనూ లేనప్పటి ఫలితాలనూ పక్కపక్కన పెట్టే ప్లస్-మైనస్ చూడాలా? 2024 అక్టోబరులో ఏటా ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బాలన్ డోర్ పురస్కారం రియల్ మాడ్రిడ్ ఫార్వర్డ్ వినీసియస్ జూనియర్‌కు కాకుండా మాంచెస్టర్ సిటీ మిడ్‌ఫీల్డర్ రోడ్రికి దక్కినప్పటి నుంచి ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది. గోల్స్ చూసేవారికి ఆ నిర్ణయం అన్యాయంగా తోచింది. రోడ్రి ఆడని మ్యాచ్‌లలో మాంచెస్టర్ సిటీ ఏమైపోయిందో గుర్తున్నవారికి అంతకంటే న్యాయమైన నిర్ణయం లేదనిపించింది. ఇద్దరూ అంకెలే చూపించారు.

క్రికెట్ స్కోరుకార్డులతో పెరిగిన మనకు ఈ తగువు కొంచెం వింతగానే ఉంటుంది. అక్కడ ప్రతి బంతీ ఒక బౌలరుకూ ఒక బ్యాటరుకూ మధ్య జరిగే పోరు కాబట్టి పరుగు ఎవరి ఖాతాలోకి వెళ్లాలో, వికెట్ ఎవరి ఖాతాలోకి వెళ్లాలో చాలావరకు ముందే తేలిపోయి ఉంటుంది. ఫుట్‌బాల్‌లో ఆ సౌకర్యం లేదు. ఒక గోల్ వెనుక పదకొండు మంది కదలికలు ఉంటే, స్కోరుబోర్డు మీదకు ఒకరి పేరో ఇద్దరి పేర్లో ఎక్కుతాయి.

గోల్స్, అసిస్టుల లెక్కను తీసిపారేయడం ఈ మధ్య ఒక అలవాటుగా మారింది గానీ, నేను ఆ పని చేయను. మ్యాచ్‌లు గెలిపించేది చివరికి గోల్సే, వాటిని ఏళ్ల తరబడి చేస్తూ ఉండేవాడు అదృష్టవశాత్తు చేయడు. అయితే ఈ లెక్కను వాడేటప్పుడు రెండు సవరణలు తప్పనిసరి. మొదటిది, పెనాల్టీలను పక్కకు తీయాలి. 2021-22లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో మొహమ్మద్ సలాహ్, సన్ హ్యూంగ్-మిన్ చెరి 23 గోల్స్‌తో, అత్యధిక గోల్స్ చేసినవారికి ఇచ్చే గోల్డెన్ బూట్ పంచుకున్నారు. సలాహ్ గోల్స్‌లో అయిదు పెనాల్టీలు కాగా, సన్ గోల్స్‌లో ఒక్కటి కూడా లేదు. రెండవది, మొత్తాన్ని కాక ప్రతి 90 నిమిషాలకు ఎంత అన్నది చూడాలి. లేకపోతే సీజన్ పొడవునా ఆడినవాడినీ, గాయంతో సగం సీజన్ బయట కూర్చున్నవాడినీ ఒకే తక్కెడలో వేసినట్టవుతుంది. ఈ రెండూ చేసిన తరువాత కూడా ఈ లెక్క స్ట్రైకర్లకూ వింగర్లకూ పనికివచ్చినంతగా మిగతావారికి పనికిరాదు. 2015-16లో లెస్టర్ సిటీ ప్రీమియర్ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టు మిడ్‌ఫీల్డర్ ఎన్‌గోలో కాంటే లీగ్‌లో చేసింది ఒకే ఒక్క గోల్.

కాంటే పేరు రాగానే ప్లస్-మైనస్ అభిమానులు ముందుకు వస్తారు, వారి వాదన వినడానికి ఎంతో బాగుంటుంది కూడా. 2015-16లో 81 పాయింట్లతో విజేతగా నిలిచిన లెస్టర్, వార్డీ, మహ్రెజ్‌లతో సహా దాదాపు అదే జట్టుతో, కాంటే ఒక్కడు చెల్సీకి వెళ్లిపోయాక, మరుసటి సీజన్‌లో 44 పాయింట్లతో 12వ స్థానానికి పడిపోయింది. అతను చేరిన చెల్సీ 50 పాయింట్ల నుంచి 93కు, పదో స్థానం నుంచి విజేత స్థానానికి ఎగబాకింది. ఆటగాడి విలువ ఇంతకన్నా స్పష్టంగా ఎలా కనబడుతుంది అనిపిస్తుంది. కానీ అదే వేసవిలో చెల్సీకి కోచ్‌గా ఆంటోనియో కోంటే వచ్చాడు, ఆ సీజన్‌లో చెల్సీకి యూరోపియన్ మ్యాచ్‌ల భారం లేదు; లెస్టర్ మీద మాత్రం చాంపియన్స్ లీగ్ భారం కొత్తగా పడింది, ఫిబ్రవరిలో కోచ్ రనియేరిని తొలగించడం దాకా వెళ్లింది. ఇన్ని మార్పులు ఒకేసారి జరిగినప్పుడు తేడా మొత్తాన్ని ఒక్క మిడ్‌ఫీల్డర్ ఖాతాలో వేయడం లెక్క కాదు, అభిమానం.

రోడ్రి విషయంలోనూ ఇదే చిక్కు ఉంది, కాకపోతే దీన్ని మరింత దగ్గరగా చూడవచ్చు. 2023-24లో అతను లీగ్‌లో 34 మ్యాచ్‌లు ఆడాడు, ఆడని మ్యాచ్‌లు నాలుగు. ఆ సీజన్ మొత్తంలో సిటీ లీగ్‌లో ఓడినవి మూడు మ్యాచ్‌లే, ఆ మూడూ అతను లేనివే. ఈ అంకె ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యంగానే ఉంటుంది. అయితే ఆ మూడు మ్యాచ్‌లు ఏవో ఒకసారి చూడండి: వోల్వ్స్, ఆర్సెనల్, ఆస్టన్ విల్లా, మూడూ ప్రత్యర్థి మైదానాల్లోనే జరిగాయి. వీటిలో ఆర్సెనల్ ఆ సీజన్‌ను రెండో స్థానంలో, విల్లా నాలుగో స్థానంలో ముగించాయి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆగస్టులో తొడ కండరం గాయపడి జనవరి దాకా ఆటకు దూరమైన సిటీ మిడ్‌ఫీల్డర్ కెవిన్ డి బ్రూయినా కూడా ఆ మూడు మ్యాచ్‌లలో లేడు. కాబట్టి ఆ ఓటములు రోడ్రి లేనందువల్లనా, డి బ్రూయినా లేనందువల్లనా, ప్రత్యర్థుల బలం వల్లనా అని నాలుగు మ్యాచ్‌లను బట్టి ఎవరూ తేల్చలేరు. రోడ్రి గొప్పవాడు కాడని నేను అనడం లేదు. ఆ నాలుగు మ్యాచ్‌లు ఆ సంగతిని రుజువు చేయలేవు అంటున్నాను.

ఎప్పుడూ కలిసే ఆడేవారి విషయంలో ఈ పద్ధతి పూర్తిగా చేతులెత్తేస్తుంది. లివర్‌పూల్ 2017-18లో 38 గోల్స్ ఇచ్చుకుని, 2018-19లో 22 మాత్రమే ఇచ్చుకుంది. ఆ రెండో సీజన్‌లో గోల్‌కీపర్ అలిసన్, డిఫెండర్ వర్జిల్ వాన్ డైక్ ఇద్దరూ లీగ్‌లోని 38 మ్యాచ్‌లలోనూ ఆడారు. ఒకరు ఉండి మరొకరు లేని నిమిషాలు దాదాపు లేనే లేవు కాబట్టి, తగ్గిన 16 గోల్స్‌లో ఎవరి వాటా ఎంతో ప్లస్-మైనస్ ఎన్నటికీ చెప్పలేదు. సహచరుల బలాన్నీ ప్రత్యర్థుల బలాన్నీ లెక్కలోకి తీసుకుని సవరించిన ప్లస్-మైనస్‌లు ఉన్నాయి నిజమే, అవి మామూలు దానికంటే మెరుగు కూడా. కానీ లేని సమాచారాన్ని ఏ సవరణా పుట్టించలేదు. ఐస్ హాకీలో మొదలై బాస్కెట్‌బాల్‌లో బలపడిన పద్ధతి ఇది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఒక్కో జట్టు మ్యాచ్‌కు సగటున వంద పాయింట్లకు పైగా చేస్తుంది, ఆటగాళ్లు పదేపదే లోపలికీ బయటికీ తిరుగుతుంటారు. ఫుట్‌బాల్‌లో 2020 దాకా మూడు మార్పులకే అవకాశం ఉండేది, ఇప్పుడు అయిదు. ఒకసారి బయటికి వెళ్లినవాడు మళ్లీ లోపలికి రాడు.

ఈ మొత్తం చర్చలో నేను నిర్ణాయకం అనుకునే అంశం ఇక్కడే ఉంది. గోల్ చాలా అరుదైన ఘటన. రికార్డు స్థాయిలో గోల్స్ పడిన 2023-24 ప్రీమియర్ లీగ్‌లో కూడా 380 మ్యాచ్‌లకు 1246 గోల్స్, అంటే రెండు జట్లకూ కలిపి మ్యాచ్‌కు మూడుకు కాస్త ఎక్కువ. ఇంత తక్కువ ఘటనల మీద కట్టిన ఏ లెక్కలోనైనా అదృష్టం పాలు ఎక్కువగానే ఉంటుంది. బంతి గోల్ స్తంభానికి లోపలి వైపు తగిలిందా, బయటి వైపు తగిలిందా అన్నదాని మీద ఒక ఆటగాడి సీజన్ మొత్తం మారిపోవచ్చు. గోల్స్ లెక్కకూ ప్లస్-మైనస్‌కూ ఉన్న ఉమ్మడి బలహీనత ఇదే, పైగా ప్లస్-మైనస్‌లో ఆ కొద్ది గోల్స్‌నే పదకొండు మందికి పంచాలి. ఒక కొలమానాన్ని నమ్మే ముందు నేను వేసుకునే మొదటి ప్రశ్న అందుకే ఎప్పుడూ ఒకటే: ఈ అంకె ఎన్ని ఘటనల మీద నిలబడి ఉంది?

ఎక్స్‌జీ ఈ పరీక్షలో నెగ్గుతుంది. మ్యాచ్‌కు గోల్స్ మూడే అయినా షాట్లు పాతిక దాకా ఉంటాయి. గోల్ నుంచి దూరం, కోణం, కాలితో కొట్టాడా తలతోనా, బంతి ఎలాంటి పాస్ ద్వారా వచ్చింది అన్న వివరాలను బట్టి గతంలో అలాంటి షాట్లు ఎంత తరచుగా గోల్స్ అయ్యాయో చూసి ప్రతి షాట్‌కూ ఒక విలువ ఇస్తారు. పెనాల్టీ విలువ సుమారు 0.78; సగటు షాట్ పదింట ఒకటి మాత్రమే గోల్ అవుతుంది. దీనివల్ల కలిగే పెద్ద ప్రయోజనం ఏమిటంటే, వరుసగా ఆరు మ్యాచ్‌లు గోల్ లేని స్ట్రైకర్ మంచి అవకాశాలు అందుకోలేకపోతున్నాడా, అందుకుని కూడా గోల్‌గా మలచలేకపోతున్నాడా అన్న తేడా కనిపిస్తుంది. రెండో రకం వాడి గోల్స్ చాలాసార్లు వాటంతట అవే తిరిగి వస్తాయి. మొదటి రకం వాడి విషయంలోనే కోచ్ దిగులుపడాలి. బ్రెంట్‌ఫర్డ్ యజమాని మాథ్యూ బెన్‌హామ్, బ్రైటన్ యజమాని టోనీ బ్లూమ్ ఇద్దరూ బెట్టింగ్ లెక్కల రంగం నుంచి వచ్చినవారు కావడం, ఆ రెండు క్లబ్బులూ తమకంటే ఎన్నో రెట్లు ధనికమైన క్లబ్బుల మధ్య నిలదొక్కుకోవడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. సొంత డబ్బు పందెం కాసేవాడు నిన్నటి గోల్స్ చూసి మురిసిపోడు.

దీనికి లోపాలు లేవని కాదు. షాట్ కొట్టేది మెస్సీ అయినా మరొకరైనా మామూలు ఎక్స్‌జీ ఒకే విలువ ఇస్తుంది. ఏళ్ల తరబడి తమ ఎక్స్‌జీ కంటే ఎక్కువ గోల్స్ చేసిన మెస్సీ, సన్ లాంటివారిని ఇది తక్కువ చేసి చూపిస్తుంది. గోల్ ముందు నుంచి వెళ్లే క్రాస్‌కు అంగుళం దూరంలో కాలు అందకపోతే అక్కడ షాటే లేదు కాబట్టి విలువ సున్నా. అయినా ఇలా అసాధారణంగా షాట్ కొట్టగలవారు ప్రపంచం మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే ఉంటారు. ఒక్క సీజన్ చూసి మన అభిమాన ఆటగాడిని ఆ జాబితాలో చేర్చడం తొందరపాటే అవుతుంది.

షాట్ దాకా బంతిని తీసుకువచ్చినవారి సంగతి ఏమిటన్న ప్రశ్నకు సమాధానంగా వచ్చినవి బంతితో చేసే ప్రతి పనికీ విలువ కట్టే పద్ధతులు. కరుణ్ సింగ్ వివరించిన ఎక్స్‌పెక్టెడ్ థ్రెట్ మైదానాన్ని చిన్న గడులుగా విభజించి, బంతి ఒక గడి నుంచి మరో గడికి చేరినప్పుడు గోల్ అయ్యే అవకాశం ఎంత పెరిగిందో చూస్తుంది. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన వీఏఈపీ పద్ధతి ట్యాకిళ్లతో (ప్రత్యర్థి కాళ్ల దగ్గరి బంతిని లాక్కునే ప్రయత్నాలతో) సహా ప్రతి చర్య తరువాత గోల్ చేసే అవకాశం, గోల్ ఇచ్చుకునే అవకాశం ఎలా మారాయో లెక్కిస్తుంది. మ్యాచ్‌లో ఇలాంటి చర్యలు పదిహేను వందలకు పైగా ఉంటాయి కాబట్టి ఘటనల కొరత లేనే లేదు. కానీ ఇక్కడ మరో రకం ధర చెల్లించాలి: గోల్‌కు ఎంత దూరం జరిగితే అంకె అంతగా నమూనా తయారుచేసినవారి ఊహల మీద ఆధారపడుతుంది. పైగా తొంభై నిమిషాల్లో ఒక్కో ఆటగాడి కాళ్ల దగ్గర బంతి ఉండేది కొద్ది నిమిషాలే. మిగతా సమయమంతా అతను ఏ ఖాళీని మూశాడో, ఎవరిని తన వెంట లాక్కుపోయాడో వీటికి తెలియదు. షాట్లు తక్కువగా కొట్టే మిడ్‌ఫీల్డర్లకు నేను వీటినే చూస్తాను గానీ, దశాంశం తరువాత రెండో అంకెను పట్టుకుని ఇద్దరిలో ఎవరు గొప్పో తేల్చను.

పాస్ కచ్చితత్వ శాతం, పరిగెత్తిన దూరం, యాప్‌లు పదికి ఇచ్చే రేటింగులు పోల్చి చూడడానికి పనికిరావు. పక్కవాడికి రెండు గజాల పాస్ ఇస్తూ పోతే శాతం దానంతట అదే పెరుగుతుంది.

ఇండియన్ సూపర్ లీగ్ గురించి అడిగేవారికి ఒక్క మాట. హైదరాబాద్ ఎఫ్‌సీ విజేతగా నిలిచిన 2021-22లో లీగ్ దశ ఒక్కో జట్టుకు 20 మ్యాచ్‌లే. బార్తొలోమ్యూ ఒగ్బెచే ఆ సీజన్‌లో 18 గోల్స్ చేశాడు, ఎవరు ఎలా లెక్కించినా అది గొప్ప సీజనే. కానీ 20 మ్యాచ్‌ల మీద ప్లస్-మైనస్ వేయడం వృథా ప్రయాస. ఇక్కడ పెనాల్టీలు తీసేసిన గోల్స్, షాట్ల సంఖ్య, ఆడిన నిమిషాలు చూసి ఆగడమే మంచిది.

కాబట్టి స్ట్రైకర్‌కూ వింగర్‌కూ నా ఓటు పెనాల్టీలు లేని ఎక్స్‌జీకి, దానికి తోడు అందించిన పాస్‌ల నుంచి పుట్టిన ఎక్స్‌జీకి, రెండూ 90 నిమిషాల లెక్కన, వీలైతే రెండు సీజన్లు కలిపి. గోల్‌కీపర్‌కు గోల్ వైపు వచ్చిన షాట్లు ఎంత కష్టమైనవో కట్టిన విలువకూ అతను నిజంగా ఇచ్చుకున్న గోల్స్‌కూ మధ్య తేడా సరిపోతుంది. గోల్ ముందు మధ్యలో కాపలా కాసే డిఫెండర్, అంటే సెంటర్ బ్యాక్ దగ్గరే నాకు ఏ అంకె మీదా గురి కుదరదు. ట్యాకిళ్లు ఎక్కువ చేసినవాడు మంచి డిఫెండర్ కావచ్చు, లేదా ట్యాకిల్ చేయక తప్పని చోట పదేపదే దొరికిపోయేవాడు కావచ్చు; పైగా బంతి తక్కువగా దక్కే జట్టులో ట్యాకిళ్లు ఎవరికైనా పెరుగుతాయి. 2018-19 లీగ్ సీజన్‌లో వాన్ డైక్‌ను డ్రిబుల్ చేసి దాటినవారు ఒక్కరూ లేరన్నది ప్రసిద్ధమైన లెక్క. కానీ అతని వైపు రావడానికే జంకి బంతిని అవతలి వైపుకు మళ్లించిన ఫార్వర్డ్‌లు ఎందరో ఆ లెక్కలో లేదు, అతని విలువలో ఎక్కువ భాగం బహుశా అక్కడే ఉంది. ఆ స్థానంలో ఆడేవారి విషయంలో ఎవరైనా పట్టిక పంపితే నేను ముందుగా అడిగేది వారు ఎన్ని పూర్తి మ్యాచ్‌లు చూశారని.