న్యూ ఓర్లీన్స్‌లో నాలుగు రాత్రులు: ఏ బార్లో పాట బాగుంది, ఎక్కడ జేబు ఖాళీ అయింది

హ్యూస్టన్ నుంచి న్యూ ఓర్లీన్స్ దాదాపు 350 మైళ్లు, ఐ-10 హైవే ఎక్కితే దిగే పనే లేదు. మధ్యలో అచ్చఫలాయా చిత్తడి మీద 18 మైళ్ల వంతెన వస్తుంది, అది దాటేటప్పుడు మాత్రం అందరూ ఫోన్లు పక్కన పెట్టి బయటికి చూశారు. వెళ్లింది నేను, మా బావ, ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్. బావ మందు ముట్టడు. "బార్లకి నన్నెందుకురా తీసుకెళ్తున్నావ్, డ్రైవర్ కోసమేగా" అని దారంతా సతాయించాడు. నిజానికి ఈ ట్రిప్‌ని అందరికంటే ఎక్కువ ఎంజాయ్ చేసింది ఆయనే.

ముందు బస సంగతి. ఫ్రెంచ్ క్వార్టర్ మధ్యలో హోటల్ తీసుకుంటే అన్నీ నడిచి తిరగొచ్చని తీసుకున్నాం. అంతవరకు కరెక్టే. కానీ కారు పెట్టినందుకు రాత్రికి 45 డాలర్లు వేరేగా లాగుతారని బుక్ చేసేటప్పుడు చిన్నక్షరాల్లో ఉందట, మేం చదవలేదు. పైగా "నిశ్శబ్దంగా ఉండే గది" అని అడిగి మరీ తీసుకున్న గది కింద బార్ ఉంది, మూడింటి దాకా మంచం వణుకుతూనే ఉంది. మళ్లీ వెళ్తే పక్కనే ఉన్న మారిన్యీ పేటలో ఉంటాను. పాటల బార్లుండే ఫ్రెంచ్‌మెన్ స్ట్రీట్ అక్కడి నుంచి నాలుగడుగులు, రాత్రి కాస్త నిద్ర కూడా పడుతుంది.

మొదటి రాత్రి అందరిలాగే బర్బన్ స్ట్రీట్‌కి పోయాం. ఒక్కసారి చూడాలి, చూశాక వదిలేయాలి. రంగు లైట్లు, తలుపు దగ్గర నిలబడి లోపలికి లాగే మనుషులు, ఒకటి కొంటే రెండు ఫ్రీ అనే బోర్డులు. లోపల వాయించేవి ఎక్కువగా రేడియోలో విన్న పాటలే. గ్లాసు ప్లాస్టిక్‌దైతే చేత్తో పట్టుకుని వీధిలో నడవొచ్చు, దాన్ని గో-కప్ అంటారు, గాజు సీసాతో మాత్రం బయటికి రానివ్వరు. ఈ వీధిలో నాకు నచ్చిందల్లా ఫ్రిట్జెల్స్ ఒక్కటే. 1969 నుంచి ఉన్న ఇరుకు పబ్బు, బల్లల మీద మోకాళ్లు తగులుకుంటూ కూర్చోవాలి, కానీ వాయించేది అసలైన పాతకాలం జాజ్.

ప్రిజర్వేషన్ హాల్ బార్ కాదు, జాజ్ కచేరీల హాలు, అక్కడ మందు అమ్మరు. అందుకే బావకి అది చూపించాను. 1961 నుంచి నడుస్తోంది. రంగు ఊడిన గోడలు, నాలుగు బెంచీలు, ముందు నేల మీద కూర్చునేవాళ్లకి దిండ్లు, వెనక నిలబడేవాళ్లు. ఒక షో 45 నిమిషాలు, ఫోన్ బయటికి తీయనివ్వరు. మైకులూ గట్రా లేకుండా ట్రంపెట్ గాలి మొహానికి తగిలేంత దగ్గరగా వాయిస్తారు. టికెట్ ధర కూర్చునే చోటును బట్టి మారుతుంది, మేం నిలబడే టికెట్ తీసుకున్నాం, ముందు వరుస వాళ్ల తలల మీదుగా ట్రాంబోన్ అనే పొడుగాటి బాకా మాత్రమే కనిపించింది. డబ్బులు పోతే పోయాయి, కూర్చునే టికెట్టే కొనండి, అదీ ముందే ఆన్‌లైన్లో.

ఇక ఫ్రెంచ్‌మెన్ స్ట్రీట్. మొత్తం రెండు మూడు బ్లాకులు, అందులోనే స్పాటెడ్ క్యాట్, డీబీఏ, బ్లూ నైల్, మెయిసన్, స్నగ్ హార్బర్. ఒక చోట పాట నచ్చకపోతే పది అడుగులేస్తే ఇంకోటి. స్పాటెడ్ క్యాట్ మన ఊళ్లో కిరాణా కొట్టంత ఉంటుంది, బ్యాండు కిటికీ పక్కనే ఉంటుంది కాబట్టి సగం మంది బయట ఫుట్‌పాత్ మీద నిలబడే వింటారు. లోపలికెళ్తే డ్రింక్ కొనాలి, బావ సోడా కొన్నాడు, ఎవరూ ఏమీ అనలేదు. ఇక్కడ చాలా బ్యాండ్లకి ఆ రాత్రి సంపాదనలో పెద్ద భాగం బకెట్లో పడే డబ్బులే. పాట మధ్యలో ఒకరు బకెట్ పట్టుకుని జనంలో తిరుగుతారు, అప్పుడు ఫోన్ చూసుకుంటూ తల దించుకోకండి. ఒకటి, ఐదు డాలర్ల నోట్లు చిల్లరగా దగ్గర పెట్టుకోండి, ఇరవై నోటు ఇచ్చి చిల్లర అడిగి నేను పరువు తీసుకున్నాను.

స్నగ్ హార్బర్ వేరే తరహా. టికెట్ కొని, కూర్చుని, నోరు మూసుకుని వినే జాజ్. 2020లో కోవిడ్‌తో పోయిన పియానో విద్వాంసుడు ఎల్లిస్ మార్సాలిస్ ఏళ్ల తరబడి వాయించిన చోటు. మా ఫ్రెండ్స్‌కి బోర్ కొట్టింది. నాకు మాత్రం మంచి కచేరీకి వెళ్లినట్టుంది.

ట్రెమే పేటలో క్లెయిబోర్న్ రోడ్డు మీద ఫ్లైఓవర్ పక్కన ఒక బార్ ఉంది, పేరు మదర్-ఇన్-లా లౌంజ్. 1961లో అదే పేరున్న పాటతో అమెరికాలో నంబర్ వన్ అయిన గాయకుడు ఎర్నీ కె-డో పెట్టాడు. ఇప్పుడు ట్రంపెట్ వాయించే కెర్మిట్ రఫిన్స్ నడుపుతున్నాడు. బావ ఆ బోర్డు చూసి, "అత్తగారి పేరుతో బారా, మా అత్తగారికి ఫోటో పంపాల్సిందే" అని పగలబడి నవ్వాడు. ఆ అత్తగారు మా అమ్మే కాబట్టి నేను నవ్వలేదు. గోడల నిండా బొమ్మలే, టూరిస్టుల కంటే పేటలోవాళ్లే ఎక్కువ, కొత్తవాళ్లతో కూడా మాట కలుపుతారు. రాత్రి ఆ ఫ్లైఓవర్ కింద నడవకుండా క్యాబ్‌లో వెళ్లి క్యాబ్‌లోనే రండి.

మంగళవారం కోసం ఒక రోజు ఎక్కువ సెలవు పెట్టుకున్నాను. ఓక్ స్ట్రీట్‌లోని మేపుల్ లీఫ్ బార్ కోసం. 1983లో మొదలైన రీబర్త్ బ్రాస్ బ్యాండ్ (ఇత్తడి బాకాల బృందం) ఏళ్లకేళ్లు మంగళవారాలు వాయించిన బార్ ఇది. మీరు వెళ్లే వారం ఎవరున్నారో ముందు చూసుకోండి. వెళ్లేటప్పుడు సెయింట్ చార్లెస్ ట్రామ్ ఎక్కాం, టికెట్ 1.25 డాలర్లు, చెక్క సీట్లు, ఏసీ లేదు, కిటికీలు పైకెత్తుకుంటే చాలు. తిరిగొచ్చేటప్పుడు అర్ధరాత్రి దాటింది, ట్రామ్ కోసం ముప్పావు గంట నిలబడి, చివరికి క్యాబ్ పిలిచాం.

లోపల తక్కువ ఎత్తులో నగిషీ రేకు సీలింగ్, కింద చెమట వాసన, బ్యాండు చెప్పిన టైముకి గంటన్నర లేటు. వచ్చాక మాత్రం, అబ్బా! గిటార్లు లేవు, అన్నీ డ్రమ్ములూ, ఊదే వాయిద్యాలే. ఒంటికి చుట్టుకున్న పెద్ద ఇత్తడి కొమ్ములాంటి సూసాఫోన్‌లోంచి వచ్చే బేస్ కాలి కింద చెక్కల్లో తెలుస్తుంది. సూసాఫోన్ అబ్బాయి బుగ్గలు బూరెల్లా పొంగి ఎర్రబడ్డాయి, ఊపిరి తీసుకోవడానికి పక్కకి తల తిప్పినప్పుడల్లా చెమట మా మీద చిందింది. పక్కనున్న పెద్దాయన మాకు చెప్పాడు, ఈ సంగీతం వీధిదీ, చావు ఊరేగింపుదీ అని: శ్మశానానికి వెళ్లేటప్పుడు మెల్లగా ఏడుపు పాటలు, తిరిగొచ్చేటప్పుడు గంతులేసే పాటలు, వెనకే రుమాళ్లు ఊపుతూ జనం. బావ చప్పున అన్నాడు, "మా ఊళ్లో డప్పులోళ్లు చావుకీ వాళ్లే, పెళ్లికీ వాళ్లే కదరా." ఆ తర్వాత ఆయన ఆగలేదు. బ్యాండుకి రెండడుగుల దూరంలో, ఇన్‌షర్ట్ బయటికి లాగేసి, తీన్మార్ స్టెప్పులు మొదలెట్టాడు. ఆ అడుగులు ఆ దరువుకి సరిగ్గా కుదిరాయి, ట్రాంబోన్ వాయించే అతను ఆయనకేసి తిరిగి వాయించాడు.

తిండి గురించి ఒక్కమాట. శాకాహారులకి కష్టమే, సోమవారం వండే రెడ్ బీన్స్ మన రాజ్మాలాగే కనిపిస్తుంది కానీ చాలా చోట్ల పంది మాంసం పడుతుంది, అడిగి తినండి. కెఫే డు మోండ్‌లో కాఫీలో చికోరీ ఉంటుంది, మనకి కొత్తేం కాదు, బావ రెండు కప్పులు తాగాడు. పంచదార పొడి దట్టంగా చల్లిన బెన్యేలు (నూనెలో వేయించిన మెత్తటి పిండి ముక్కలు) తినేటప్పుడు నల్ల చొక్కా వేసుకోకండి. నేను వేసుకున్నాను, హ్యూస్టన్ చేరేదాకా దులుపుకుంటూనే ఉన్నాను.