బాయా మునిగిన నగరం డైవింగ్: ఏ స్పాట్ అడగాలి, దేన్ని వదిలేయాలి

ఇటలీలో నేపుల్స్‌కి పడమరగా, పొజువోలీ అఖాతంలో మునిగిపోయిన రోమన్ల కాలపు ఊరు బాయా, దాని నీటి అడుగు పార్కు గురించి ఈ సమీక్ష. పెట్టిన డబ్బుకి న్యాయం జరిగే ట్రిప్పే. కాకపోతే విగ్రహాల మీద ఆశ పెట్టుకుని వెళ్ళేవాళ్ళకి నిరాశ తప్పదు. నింఫేయం అనే రోమన్ విందుశాలలో ఫోటోలకి దొరికే బొమ్మలు నకళ్ళు. అసలువి గుట్ట మీది బాయా కోటలో, కాంపీ ఫ్లెగ్రేయ్ పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి. నీళ్ళలో చూడాల్సింది నేలలు, గోడలు, రోడ్లు. వాటికోసమైతే ఇంత తక్కువ లోతులో ఇంతకన్నా మంచి చోటు దొరకడం కష్టం.

ఈ ఊరు సునామీకి మునిగిపోలేదు. భూగర్భంలో శిలాద్రవం, వేడి ద్రవాల ఒత్తిడి మారేకొద్దీ ఇక్కడ నేల ఏళ్ళ తరబడి మెల్లగా లేస్తుంది, మెల్లగా దిగుతుంది. దీన్నే బ్రాడీసిజం అంటారు. 1982-84 మధ్య పొజువోలీలో నేల దాదాపు 1.8 మీటర్లు పైకి లేచింది. 2005 నుంచి మళ్ళీ లేస్తోంది. రోమన్ల విల్లాలు శతాబ్దాలపాటు అంగుళం అంగుళం దిగాయి కాబట్టి గదుల వరుస చెదరలేదు. కానీ అలల దెబ్బ తగిలే ఎత్తులోంచి నిదానంగా దాటడంతో పై గోడలు కోసుకుపోయాయి. అందుకే చాలాచోట్ల కనిపించేది పొట్టి గోడలే. ప్లాన్ చూడకుండా దిగితే ఏది గదో ఏది వీధో తెలియదు.

స్పాట్ ఎంపిక దగ్గరే ట్రిప్పు బాగోగులు సగం తేలిపోతాయి. పుంటా ఎపిటాఫియో దగ్గరున్న నింఫేయం అందరూ మొదట అడిగేది. క్లాడియస్ చక్రవర్తి కాలపు విందుశాల ఇది. సుమారు 18 మీటర్ల పొడవు, తొమ్మిదిన్నర మీటర్ల వెడల్పు, లోతు అయిదు మీటర్లు. చివరి అర్ధచంద్రాకారపు గూటిలో ఒంటికన్ను రాక్షసుడు పాలిఫీమస్‌కి గ్రీకు పురాణ వీరుడు యులిసిస్ మద్యం గిన్నె అందించే దృశ్యం ఉండేది. యులిసిస్, మద్యపు తోలుతిత్తి పట్టుకున్న అనుచరుడు దొరికారు, రాక్షసుడు దొరకలేదు. ఇది ముందే తెలిస్తే ఆ ఖాళీ కూడా చూడదగ్గదే. తెలియకపోతే కొన్ని బొమ్మలు, బోలెడు ఇసుక, అంతే.

మా ఓటు మాత్రం ప్రోటిరో విల్లాకి. దీన్లో నలుపు తెలుపు రాళ్ళతో షట్కోణాలు కూర్చిన మొజాయిక్ నేల ఉంది. మామూలుగా ఇసుక కింద కప్పి ఉంచుతారు. గైడు నేలని తాకకుండా, అరచేతిని కొంచెం పైన ఆడిస్తూ నీటిని తోస్తాడు. ఇసుక పక్కకి జరిగి ముందు ఒక తెల్లటి గీత, తర్వాత ఒక షట్కోణం, ఆపైన వరుసగా పక్కవి బయటపడతాయి. చూడడం అయ్యాక ఇసుకని మళ్ళీ పైకి లాగి కప్పేయాలి. తెరిచి వదిలేస్తే నాచు పడుతుంది, పాలరాయిని తొలిచే స్పాంజీలు, గుల్లలు చేరతాయి. కప్పకుండా ముందుకు పోయే గైడు దొరికితే, ఆ సెంటర్‌కి మళ్ళీ వెళ్ళకపోవడమే మంచిది.

పీజోల విల్లాకి ఆ పేరు రావడానికి ఆధారం సీసపు గొట్టం మీద పడ్డ ముద్ర. క్రీ.శ. 65లో నీరో చక్రవర్తిపై కుట్ర చేసిన కుటుంబం వీళ్ళది. పెద్ద తోట, చుట్టూ నడవా; చరిత్ర తెలిసినవాళ్ళకి బాగుంటుంది. పోర్టుస్ జూలియస్ క్రీ.పూ. 37లో రోమన్ సేనాని అగ్రిప్పా కట్టించిన నౌకాశ్రయం. గోదాములు చాలా ఉన్నాయి, లోతు తక్కువ, కాబట్టి స్నార్కెలింగ్‌కి (గొట్టంతో ఊపిరి తీస్తూ పైపైన ఈదడానికి) బాగా సరిపోతుంది. సిలిండర్ కట్టుకుని ఇక్కడికే వెళ్ళడం దండగ. సెక్కా ఫుమోజాలో రోమన్ కాంక్రీటు దిమ్మల మధ్య సముద్రగర్భం నుంచి వాయు బుడగలు వస్తుంటాయి. ఆ కాంక్రీటులో కలిపింది ఇక్కడి అగ్నిపర్వత బూడిదే. సున్నంతో కలిస్తే నీళ్ళలోనే గట్టిపడుతుంది. రెండో డైవ్‌కి ఇది పెట్టుకోవచ్చు.

లోతు అయిదు మీటర్లే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఒళ్ళు ఒకే ఎత్తులో నిలపడం ఇక్కడే కష్టం. అయిదు మీటర్ల నుంచి పైకి వచ్చేసరికి, తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లోని గాలి ఒకటిన్నర రెట్లవుతుంది, కాబట్టి కొంచెం లేచినా ఇంకా పైకి తోసుకుపోతుంది. దానికి తోడు సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ తేలికవుతుంది. 12 లీటర్ల సిలిండర్‌లో పీడనం 200 బార్ నుంచి 50 బార్‌కి వచ్చేసరికి పోయిన గాలి బరువే సుమారు రెండు కిలోలు. డైవ్ చివర్లో, అంటే సరిగ్గా మొజాయిక్ పైన ఉన్నప్పుడు, తేలిపోయి కాళ్ళు కొట్టడం మొదలుపెడతారు. ఇసుక లేస్తుంది, వెనకవాళ్ళకి ఏమీ కనపడదు. ఈ రెండు కిలోలు లెక్కేసి సీసం బరువులు పెట్టుకోవాలి. ఫిన్లు పైకీ కిందకీ కాకుండా కప్ప ఈదినట్టు పక్కలకి తోయాలి. ఇంకో మాట: ఇంత తక్కువ లోతులోనైనా ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు చిట్లవచ్చు.

గాలి మాత్రం చాలాసేపు వస్తుంది. నిమిషానికి ఇరవై లీటర్లు పీల్చే మనిషికి ఈ లోతులో ముప్ఫై ఖర్చవుతుంది కాబట్టి, 50 బార్ మిగుల్చుకున్నా గంట గడుస్తుంది. ఆ గంటలో చలే ముందు బయటికి పంపేది. ఆగస్టులో నీరు 25 డిగ్రీల దాకా ఉంటుంది, 5 మిల్లీమీటర్ల వెట్‌సూట్ చాలు. ఏప్రిల్‌లో 7 మిల్లీమీటర్లదీ, తలకి హుడ్డూ కావాలి. దక్షిణం నుంచి షిరోక్కో గాలి వీచాక, పెద్ద వాన పడ్డాక నీరు మసకబారుతుంది. ఒకటి రెండు రోజులు వాయిదా వేసుకోండి. పొద్దున్నే మొదటి పడవ ఎప్పుడూ మేలు.

అద్దం అడుగున్న పడవ సంగతి: ఈత రానివాళ్ళకి, చిన్నపిల్లలకి సరే. నీరు తేటగా ఉన్న రోజు గోడల గీతలు, నకలు విగ్రహాలు కనిపిస్తాయి. మొజాయిక్ మీద ఆశ వద్దు, ఇసుక తీసేవాళ్ళెవరూ ఉండరు.

2002 నుంచి ఇది రక్షిత ప్రాంతం. పురావస్తు జోన్‌లో అనుమతి ఉన్న సెంటర్ గైడు వెంట ఉంటేనే డైవింగ్. బుకింగ్‌కి ముందు నాలుగు అడగండి: ఏ స్పాట్, ఒక గైడుకి ఎంతమంది (నలుగురు దాటితే వెనకవాళ్ళకి మిగిలేది బురదే), అద్దె సామాను ధరలో కలిసిందా, దిగేముందు ప్లాన్ చూపించి వివరిస్తారా. చివరిదానికి తడబడితే ఇంకో సెంటర్ చూసుకోండి. డైవింగ్ సర్టిఫికేషన్ కార్డు తప్పకుండా దగ్గర పెట్టుకోండి.

మ్యూజియం డైవ్ కన్నా ముందు రోజే చూడాలి, తర్వాత కాదు. నింఫేయం శాల మొత్తాన్ని అసలు విగ్రహాలతో అక్కడ మళ్ళీ అమర్చారు. గూళ్ళ వరుస, విగ్రహాల స్థానాలు గుర్తుంటే మర్నాడు నీళ్ళలో ప్రతి గోడా అర్థమవుతుంది. వారపు సెలవు ఏ రోజో ముందే చూసుకోండి. కోటకి ఎక్కుడు ఉంది, దానికీ మ్యూజియానికీ కలిపి కనీసం మూడు గంటలు కేటాయించండి.